సరిహద్దుకవతలి బేరము

పొరుగూరి సంతలో సరకు చవుక యని తెలిసిన, రెండు కోసులు నడచిపోవుట మన జనులకు క్రొత్త కాదు. గోదావరి జిల్లాలవారు యానాము పోయి పెట్రోలు పోయించుకొని వచ్చుట అందఱెఱిగినదే. ఏలుబడి మాఱిన పన్ను మాఱును, పన్ను మాఱిన ధర మాఱును. అయితే కెనడా దేశమున ఈ బేరము మఱింత పెద్ద యెత్తున సాగుచు వచ్చినది. ఆ దేశమునకును అమెరికా సంయుక్త రాష్ట్రములకును నడుమ 8,891 కిలోమీటర్ల సరిహద్దు కలదు. కెనడా ప్రజలలో అధిక సంఖ్యాకులు ఈ సరిహద్దునకు చేరువనే నివసింతురు. పాలు, జున్ను, పెట్రోలు, చెప్పులు మొదలైనవానితో పాటు కారు టైర్లు కొనుటకును వారు దక్షిణమునకు ప్రయాణమగుదురు.

టైర్ల కొఱకింత ప్రయాస యెందులకని మన ఉష్ణదేశవాసులకు తోచవచ్చును. అచటి చలి వేఱు. ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగువకు జాఱినచో వేసవి టైర్ల రబ్బరు గట్టిపడి, రోడ్డును పట్టుకొను శక్తిని కోల్పోవుట కారంభించును. శీతకాలపు టైరు రబ్బరు ఆ చలిలోను మెత్తగానే యుండును. క్విబెక్ రాష్ట్రమున 2008 నుండి చలికాలమునందు ఈ టైర్లు తప్పనిసరి. బ్రిటిష్ కొలంబియాలోని పెక్కు కొండదారులపై అక్టోబరు 1 మొదలుకొని వీనిని బిగింపవలెను. కావున సామాన్య గృహస్థునకు నాలుగు టైర్లు చాలవు, ఎనిమిది కావలెను. పిల్లలను ఎక్కించుకొని మంచుదారిని పోవువాడు అరిగిన టైరుతో మఱియొక యేడు గడుపుదమని అనుకొనజాలడు. ఖర్చు తప్పదు; ఆ ఖర్చును తగ్గించుకొను తెరువే వెదకవలెను.

ఆ తెరువు ఎంతవఱకు లాభసాటియో ఒక ఊహాలెక్క వేసి చూతము. వాంకూవరు నివాసి యొకడు అమెరికాలోని బెల్లింగ్‌హాము పోయి, టైరొకటికి 150 అమెరికా డాలర్ల చొప్పున నాలుగు కొన్నాడనుకొందము. మొత్తము 600. అమెరికా డాలరుకు 1.40 కెనడా డాలర్ల మారకమున అది 840 అగును. అచటి అమ్మకపు పన్ను సుమారు 9 శాతము. అది 75 పైచిల్లర. తిరిగి వచ్చునపుడు సరిహద్దున తన దేశపు పన్నులు 12 శాతము, అనగా నూఱు పైచిల్లర. వెరసి 1,016. ఇంటికడ అదే టైరు 260 అనుకొన్నచో, పన్నుతో కలిపి నాలుగింటికి 1,165 అగును. మిగులు 150కి లోపు. టైర్లు అమెరికాలోగాని మెక్సికోలోగాని తయారైనవైనచో వాణిజ్య ఒప్పందమును బట్టి సుంకము లేదు. ఆసియాలో తయారైనవైనచో మఱి 7 శాతము సుంకము పడవచ్చును. పెట్రోలు ఖర్చును, సరిహద్దు వరుసలో నిరీక్షించిన కాలమును తీసివేయగా చేతికి మిగులునది స్వల్పము.

ఇక డాలర్లు రెండును సమానమైనచో? అవే ధరలకు మొత్తము 726 మాత్రమే యగును. మిగులు నాలుగు వందలు దాటును. 2007 సెప్టెంబరులో, మూడు దశాబ్దముల తరువాత, కెనడా డాలరు అమెరికా డాలరుతో సమానమైనది. 2011లో దానిని మించినది కూడ. సరిహద్దు బేరములు ముమ్మరమైనవి ఆ దినములలోనే. 2016 జనవరిలో కెనడా డాలరు 70 అమెరికా సెంట్లకు దిగువకు పడిపోయినది; పెక్కు బేరములు దానితోనే గిట్టుబాటు కాకపోయినవి.

సుంకపు మినహాయింపుల ధర్మశాస్త్రము మఱియొకటి కలదు. 24 గంటలలోపల తిరిగివచ్చినవానికి మినహాయింపు శూన్యము. ఒక దినము గడిపినవానికి 200 డాలర్లు. ఆ మొత్తము దాటెనా, మినహాయింపు పూర్తిగా పోవును. రెండు దినములు గడిపినచో 800. హోటలు గదికి బాడుగ చెల్లించి నిద్రించి పన్ను తప్పించుకొనుట ఎంత తెలివియో లెక్క వేసినవారికే తెలియును! భార్యాభర్తలు తమ మినహాయింపులను కలిపి ఒకే వస్తువునకు వాడుకొనుటకును వీలులేదు.

ఇచటనే ఆశ పుట్టును. టైర్లు కారుకే బిగించి యున్నవి. పాతవి దుకాణమున వదలివేయబడినవి. చెప్పకపోయిన నెవరికి తెలియును? కాని క్రొత్త టైరుపై సన్నని రబ్బరు మీసములు నిలిచియుండును. అధికారి చక్రము వంక ఒక్కమాఱు చూచిన చాలును. విదేశమున కారుకు చేయించిన మరమ్మతులను, అమర్చిన భాగములను విధిగా తెలుపవలెనను నియమము కలదు. దాచినచో సరకే కాక, దానిని తెచ్చిన వాహనమును కూడ స్వాధీనపఱచుకొను అధికారము వారికున్నది. నూఱు డాలర్ల కొఱకు కారు పోగొట్టుకొనుట ఏ లెక్కకును అందదు.

చవుకబేరమున పరికింపవలసిన గుర్తు మఱియొకటి టైరు ప్రక్కభాగమున నుండును. డాట్ అను అక్షరముల వెంట వచ్చు సంకేతములో చివరి నాలుగంకెలు తయారైన వారమును, సంవత్సరమును తెలుపును. 3524 అనగా 2024వ సంవత్సరము 35వ వారము. ఏండ్ల తరబడి గిడ్డంగిలో పడియున్న టైరు ఎంత చవుకయైనను చవుక కాదు. కొన్న దుకాణమువారు ఉచితముగా చేయు మరమ్మతులు కావలెనన్న మరల సరిహద్దు దాటవలెను గదా!

ఒకే కర్మాగారపు సరకునకు రెండు ధరలేల యని కెనడావారికి కోపమే వచ్చినది. ఆ దేశపు సెనేటు ఆర్థిక సంఘము విచారణ జరిపి 2013 ఫిబ్రవరిలో నివేదిక ప్రకటించినది. మారకపు రేటుల మార్పు, విపణి చిన్నదగుట, సుంకములు, తయారీదార్లు దేశమును బట్టి ధర నిర్ణయించుట మున్నగు కారణములు దానిలో చర్చింపబడినవి. ఏ ఒక్కదానిని వ్రేలుపెట్టి చూపజాలకపోయిరి. ఈ నడుమ నలిగినది చిన్న దుకాణదారుడు. టైరు పొరుగుదేశమున కొని, బిగించుటకు మాత్రము తన కడకు తెచ్చు బేరగానిని చూచి అతడు ఏమనుకొనునో ఊహింపవచ్చును. కాని ఆ బేరగాడును జీతముపై బ్రదుకువాడే. వానిని నిందించుట సులభము కాదు.

అవతలి ఊళ్ల బ్రదుకును ఈ రాకపోకలపై నాధారపడినదే. 1846 నాటి ఒప్పందమున 49వ అక్షాంశమును గీతగా గీసినపుడు పాయింట్ రాబర్ట్స్ అను చిన్న భూభాగము అమెరికాకు చెందియు, కెనడా భూమిని దాటినగాని రోడ్డుదారిన చేరుటకు వీలులేనిదైనది. కెనడావారికి వచ్చు పార్సిళ్లను భద్రపఱచి యిచ్చుట అచటి దుకాణములకొక వృత్తి. 2020 మార్చిలో మహమ్మారి కారణమున సరిహద్దు మూతపడగా ఆ యూరు ద్వీపమువలె మిగిలిపోయినది. కెనడా యాత్రికుల రాకకు అమెరికా భూమార్గమును తెఱచినది 2021 నవంబరు 8న.

మరల 2025లో అమెరికా కెనడా సరకులపై క్రొత్త సుంకములు విధించినది. కెనడాయు ప్రతిసుంకములతో బదులు చెప్పినది. కెనడా అమెరికాలో 51వ రాష్ట్రము కావలెనను మాట అమెరికా అధ్యక్షుని నోట వెడలినది. ఆ యేడు కెనడావారి కారు ప్రయాణములు బాగుగా తగ్గినవి. లెక్కలో లాభము కనబడుచున్నను, అచటికి పోము అన్నవారు పెక్కురు. బ్లెయిన్ పట్టణమున ఇరుదేశముల నడుమ 1921లో ప్రతిష్ఠించిన శాంతి తోరణము ఇనుపతలుపులు మూయుటకు వీలులేకుండ గోడకు బిగింపబడియున్నవి. దాని ప్రక్కనే కస్టమ్సు కచేరి. ఆ దారిని దక్షిణమునకు పోవు బ్రిటిష్ కొలంబియా కార్ల వరుస ఆ యేడు పలుచబడినది.