పావలా సరుక్కి బెల్లమ్ముక్క కొసరు!

ఏలూరు మెయిన్‌ బజార్‌లో ఒకప్పుడు పిల్లలకు సొంత పేర్లుండేవి కావు. 'ఫలానా వారి మనవడు', 'మాస్టారి రెండో అమ్మాయి'... అంతే! అమ్మ ఇచ్చిన చీటీ అందిస్తే పచారీ కొట్టాయన పొట్లాలు కట్టి, పురికొస చుట్టి, చివర్లో ఓ బెల్లమ్ముక్క చేతిలో పెట్టేవాడు. అదే కొసరు. దానికోసం 'నేనెళ్తానంటే నేనెళ్తాన'ని అన్నదమ్ములు పోట్లాడుకునేవారు.

ఈ బజారుకు ప్రాణం పోసింది నీళ్లే. 1852లో ధవళేశ్వరం దగ్గర, 1855లో బెజవాడ దగ్గర ఆనకట్టలు పూర్తయ్యాయి. గోదావరి కాలువ, కృష్ణా కాలువ ఏలూరులో కలిశాయి. ధాన్యం పడవలెక్కింది. తర్వాత రైలు, లారీలు వచ్చాయి. తాడేపల్లిగూడెం ఉల్లి బస్తాలూ, కొల్లేటి చేపలూ ఊళ్లోకి దిగేవి.

'కోతలయ్యాక ఇస్తాలే' అంటే చాలు, పద్దు రాసుకునేవారు. బాకీ ఉన్నవాళ్లు మాత్రం ధర ఎక్కువైనా పక్క కొట్టుకి వెళ్లలేకపోయేవారు. 'ఎవరబ్బాయివి?' అన్న ప్రశ్న కొందరికి ముద్దు. కులం తెలిస్తే గడప బయటే నిలబడాల్సిన వాళ్లకు అదే ముల్లు. సూపర్‌మార్కెట్‌ ఆ ప్రశ్న వెయ్యదు. ఎవరైనా లోపలికెళ్లి, నచ్చింది చేత్తో తీసుకోవచ్చు. అది చిన్న మార్పేం కాదు.

పావలా నాణెం 2011 జూన్‌ 30తో చెల్లకుండా పోయింది. ఇప్పుడు ఫోన్‌తో స్కాన్‌ చేస్తే పైసలతో సహా లెక్క సరి. పాత కొట్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ఈసారి వెళ్లేటప్పుడు పిల్లల్నీ తీసుకెళ్లండి. కొసరు అడగడం వాళ్లకూ నేర్పండి!