ఏ కన్ను ముందు మొలుస్తుంది?

కోటగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న చిన్న ప్రాథమిక పాఠశాలల్లో మాదీ ఒకటి. అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లం. ఒకరు ట్రైనింగుకు పోయిన రోజు బడంతా రెండోవారి మీదే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, మరాఠీ, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. ఇలాంటిచోట చదువేం వస్తుందని చాలామంది అడుగుతారు. అందరికీ ఒకే పాఠం ఒకేసారి చెప్పాలని పట్టుబడితే నిజంగానే రాదు. ఆ పట్టు వదిలితే మాత్రం, ఇన్ని వయసుల పిల్లలు ఒక గదిలో ఉండటమే మా బడికి పెద్ద బలం.

మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో దీన్ని ఎప్పుడో చేసి చూపించారు. జిడ్డు కృష్ణమూర్తి పేరుతో అందరికీ తెలిసిన పెద్ద స్కూలు సంగతి కాదు నేను చెప్పేది. దాని చుట్టూ ఉన్న మెట్ట పల్లెల్లో నడిపిన ఒంటి టీచరు బడుల సంగతి. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర్లో అక్కడ పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులుగా మార్చారు. ప్రతి కార్డు మీద ఒక గుర్తు, ఒక నంబరు ఉంటాయి. గోడ మీద అభ్యసన నిచ్చెన ఉంటుంది. పిల్ల బడికి రాగానే నిచ్చెన మీద తానెక్కడున్నదీ చూసుకుని, ఆ కార్డు తీసుకుని, దాని గుర్తున్న గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుకు టీచరు కావాలి, ఇంకోదానికి తోటిపిల్లల సాయం చాలు, మరో గుంపులో ఎవరి పని వారిదే. ఒక అంశం పట్టుబడిందో లేదో చూసే కార్డు దగ్గర తడబడితే మళ్లీ సాధన చేయించే కార్డులున్నాయి, గట్టెక్కితే ఇంకా ముందుకు నడిపించేవీ ఉన్నాయి. చెరకు కోతలకు అమ్మానాన్నల వెంట పోయి నెల తర్వాత వచ్చిన పిల్ల, వదిలిన మెట్టు నుంచే మళ్లీ అందుకుంటుంది. మా ప్రాంతానికి ఇంతకంటే ఏం కావాలి?

కన్నడ టీచర్లు ఈ బడులు చూసిపోయి 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకాలో ఈ పద్ధతినే ‘నలి కలి’ పేరుతో మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి, తర్వాత తమిళనాడంతా పాకింది. మన దగ్గరా 1984లో బ్రిటిష్ సాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకం, ఏపీపెప్, చేసి నేర్చుకోవడం, చుట్టూ ఉన్న పరిసరాలనే పాఠం చేసుకోవడం వంటి ఆరు సూత్రాలు చెప్పింది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా కృత్యాలు, అన్వేషణల ద్వారానే నేర్పాలంటుంది.

ఇక ఇలాంటి కార్డులే వాడే మా బడిలో జరిగింది చెప్తాను. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరకు తగ్గి వరి పెరిగినా, మా పిల్లల్లో చెరకు గడ తెలియనివాళ్లు లేరు. మొక్కల పాఠం నడుస్తుండగా నాలుగో తరగతి పిల్ల అడిగింది: “సార్, గడ మొదలు తియ్యగ ఉంటది, కొస సప్పగ ఉంటది. మరి ఇత్తనానికి ఏది పెట్టాలె?” జవాబు నాకు తెలుసు. చెప్పలేదు. ఇంటికి పోయి తాతను అడిగొచ్చింది. “కొసే మంచిదట. ఎందుకంటే మాత్రం చెప్పలే.”

బడి వెనక జాగా తవ్వాం. మూడేసి కళ్ల ముచ్చెలు మొదలువి పది, నడిమివి పది, కొసవి పది నరికించి మూడు వరుసల్లో నాటాం. ఒకటో తరగతి వాళ్లు కణుపు మీది కన్ను బొమ్మ గీశారు. రెండో తరగతి వాళ్లు వరుసకు ముప్పై కళ్లని లెక్క తేల్చారు. పెద్దవాళ్లు రోజూ మొలకలు లెక్కపెట్టి పట్టికలో రాశారు. కొస వరుసే ముందు లేచింది. మొదలు వరుసలో కొన్ని కళ్లు అసలు లేవలేదు. ముప్పైలో ఎన్ని వంతులు మొలిచాయన్న మాట రాగానే అయిదో తరగతి భిన్నాల కార్డు బయటికొచ్చింది. కారణం అప్పుడు చెప్పాను. కొస కళ్లు లేతవి, అక్కడ తేమ ఎక్కువ, మొలక వెంటనే వాడుకోగల చక్కెర అక్కడుంటుంది. గడ మొదలు దగ్గర కళ్లు ముదిరిపోతాయి, అక్కడ పేరుకున్న తీపి గానుగకు పనికొచ్చేది.

పిల్లలు ముందు నడిస్తే టీచరుకు పని తగ్గుతుందనుకుంటారు. నిజానికి ఏ కార్డు తర్వాత ఏది రావాలో, ఎవరెక్కడ ఆగిపోయారో ముందురాత్రే చూసి పెట్టుకోవాలి. నోటిదాకా వచ్చిన జవాబును ఆపుకోవడం అన్నిటికంటే కష్టం.

తల్లిదండ్రుల బెంగ వేరు. “మా పోరడు బడిల ఆడుడేనట, రాసుడు లేదట సార్” అంటారు. నోటుబుక్కు నిండితేనే చదువనుకోవడం వాళ్ల తప్పు కాదు, వాళ్లు చూసిన బడి అలాంటిది. అందుకే వాళ్లకు మాటలతో కాక పిల్లల చేతనే చూపించాలి. రిషి వ్యాలీ బడుల్లో మెట్రిక్ మేళా అని పెడతారు. పిల్లలే స్టాళ్లు పెట్టి ఊరివాళ్ల ఎత్తు, బరువు కొలుస్తారు, తూకాలు వేస్తారు, లెక్క చెప్తారు. సంక్రాంతి సెలవులకు ముందు మేమూ పెడుతున్నాం. కిరాణా కొట్టాయన తక్కెడ, రాళ్లు ఇస్తానన్నాడు. ఎత్తు కొలిచే పని రెండో తరగతికి ఖాయమైంది. తూకం స్టాలు కోసం నాలుగు, అయిదు తరగతులు ఇంకా వాదించుకుంటున్నాయి.