ఊదగానే పలకదు పిల్లనగ్రోవి

కొత్తగా పిల్లనగ్రోవి పట్టిన పిల్లవాడికి మొదటిరోజు వినిపించేది పాట కాదు, వట్టి గాలి. బుస్సుమని ఊపిరి పోతుందే తప్ప నాదం రాదు. కొందరికి గంటలో పలుకుతుంది, కొందరికి వారం పడుతుంది. విసుగుపుట్టి మానేసేది ఎక్కువగా ఈ దశలోనే. వీడికి సంగీతం రాసిపెట్టి లేదని ఇంట్లో పెద్దలు కూడా తేల్చేస్తారు. బస్సు చార్జీలు పెట్టి పట్నం పంపే ఇంట్లోనైతే ఆ మాట ఇంకా త్వరగా వస్తుంది. నిజానికి అది పిల్లవాడి లోపం కాదు, వాద్యం తీరే అంత.

హార్మోనియం మెట్టు నొక్కినా, వీణ తీగ మీటినా ఏదో ఒక స్వరం పలుకుతుంది. వేణువుకు ఆ ఆసరా లేదు. పెదవుల మధ్య సన్నని సందులోంచి వచ్చిన గాలి, ఊదే రంధ్రం అవతలి అంచుకు తగిలి చీలితేనే నాదం. కాస్త పైకి పోయినా, కిందికి పోయినా వృథా. గట్టిగా ఊదితే పలుకుతుందనుకుని కొత్తవాళ్లు బుగ్గలు పూరిస్తారు. దాంతో కళ్లు తిరుగుతాయి. అప్పుడు వేణువు పక్కనపెట్టి కాసేపు మామూలుగా ఊపిరి తీసుకుంటే సర్దుకుంటుంది. అందుకే మొదట్లో పూటకు పది, పదిహేను నిమిషాలు చాలు. అద్దం ముందు కూర్చుంటే పెదవి ఎటు జారుతున్నదో తెలుస్తుంది.

నాదం నిలిచాక వేళ్ల వంతు. కర్ణాటక సంగీతపు వేణువుకు ఊదే రంధ్రం కాక ఎనిమిది రంధ్రాలుంటాయి. చివరిదాన్ని మామూలుగా మూయరు. వేలి మెత్తని భాగంతో రంధ్రాన్ని పూర్తిగా కప్పాలి. వెంట్రుకవాసి సందున్నా స్వరం చెడుతుంది. వేణువు పక్కకు ఉంటుంది గనుక వేళ్లు కంటికి ఆనవు, స్పర్శతోనే తెలుసుకోవాలి. వేణువుకు కచేరీలో పెద్దపీట వేయించిన కుంభకోణం శరభశాస్త్రి (1872-1904) అంధుడన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు.

పాఠం సరళీ వరుసలతో, మాయామాళవగౌళ రాగంలో మొదలవడం ఆనవాయితీ. గాత్రానికి అనువైన ఈ రాగం వేణువుపై అంత తేలిక కాదు. శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం పలకాలంటే రంధ్రాన్ని కొంతే మూయాలి. ఎంత మూయాలన్నది చెవి చెప్పాలి. అందుకే కొందరు గురువులు ముందు హరికాంభోజి స్వరాలు పలికించి, తర్వాత దీనికి వస్తారు. స్వరాన్ని నోటితో పాడించాకే ఊదనిచ్చేవారూ ఉన్నారు. సినిమా పాట ఎప్పుడు వాయిస్తాడని నెలకే అడిగితే లాభం లేదు. సరళీ, జంట వరుసలు, అలంకారాలు దాటి గీతాలకు రావడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ ఏడాదంతా ఇరుగుపొరుగు కూడా ఓర్చుకోవలసిందే!

వేణువు ముందు కొని, గురువును తర్వాత వెతకడం డబ్బు దండగ. జాతరలో బెలూన్ల పక్కన అమ్మేది ఆటకు పనికొస్తుంది గానీ శ్రుతికి నిలవదు. అంగళ్లలో ఎక్కువగా దొరికే ఉత్తరాది బాన్సురీకి ఆరు రంధ్రాలే సాధారణం, దాని వేళ్ల లెక్క వేరు. పొడవాటి వేణువు చిన్న చేతులకు అందదు. కాబట్టి పిల్లవాడి చెయ్యి చూసి గురువు చెప్పిన శ్రుతిదే తీసుకోవాలి. వెదురు ఎండకు పగులుతుంది. వాయించాక లోపలి తడిని మెత్తని బట్టతో తుడవాలి. ఒకరి వేణువు మరొకరు నోట పెట్టుకోకపోవడం మంచిది.

సెల్‌ఫోనులో శ్రుతి పెట్టుకుని సాధన చేయవచ్చు, అది మేలే. వీడియో మాత్రం ఎదుటి విద్వాంసుడి పెదవిని చూపుతుంది గానీ మన పెదవిని దిద్దదు.

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీవేంకటేశ్వర సంగీత, నృత్య కళాశాలలో వేణువు నేర్పుతారు. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు 4 ఏళ్లు, ఆపైన డిప్లొమా 2 ఏళ్లు. చేరే ముందు పెద్దలు ఒకసారి వెళ్లి తరగతుల వేళలు కనుక్కుని, తిరిగి ఊరు చేరే ఆఖరి బస్సు అందుతుందో లేదో చూసుకోవాలి.