దోమ ఎక్కడ కాపురం పెడుతుంది?

హైదరాబాదు నుండి మేడ్చల్ పోయే రహదారి మీద, జీడిమెట్లకు, కొంపల్లికి సమీపాన పేట్ బషీరాబాద్ ఉన్నది. ఒకప్పుడు ఈ వైపంతా పల్లెలు, చెరువుల కింద వరిమళ్ళు. మేడ్చల్ చుట్టూ ద్రాక్ష తోటలు. నగరం పెరిగినకొద్దీ పొలాలు ఇండ్ల స్థలాలైనవి. కుత్బుల్లాపూర్ పురపాలక సంఘం 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. ఇటువంటి చోట వానకాలం ముగిసే రోజుల్లో ఇంటింటా డెంగీ జ్వరం వచ్చినదంటే జనులు మొదట వేలెత్తి చూపేది చెరువును. పొగయంత్రం చెరువు గట్టుకే పోవాలంటారు. పనివారు కొద్దిమంది, మందు కొద్దిపాటి. అవి ఒక వారం తప్పుచోట ఖర్చయితే, ఆ వారం పది రోజుల్లో అసలు చోట గుడ్డు దోమ అయి ఎగిరిపోతుంది. కనుక ఏ దోమ ఎక్కడ ఉండగలదో ముందుగా ఊహించడం ఉబుసుపోకకు చేసే పని కాదు.

దోమలన్నీ ఒకటి కావన్న సంగతి పేట్ బషీరాబాద్‌కు పదిహేను కిలోమీటర్ల లోపుననే రుజువైంది. సికింద్రాబాదులో సైనిక వైద్యుడుగా ఉండిన రోనాల్డ్ రాస్ 1895 నుండి దోమలను కోసి, మలేరియా క్రిమి కోసం సూక్ష్మదర్శినిలో వెదికాడు. ఆయన చేతికి చిక్కినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. రెండేండ్లు గడిచినా వాటిలో ఏమీ కనిపించలేదు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న మరొక జాతి దోమలు దొరికినవి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి చేత, కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చి, వాటికి రక్తం పట్టించాడు. ఆగస్టు 20న బేగంపేటలో అటువంటి దోమ కడుపు గోడలో క్రిమి కోశాలు కనిపించినవి. అంతకు ముందటి రెండేండ్ల శ్రమ ఫలించకపోవడానికి కారణం సూక్ష్మదర్శిని కాదు, దోమ జాతి. జాతి మారితే రోగం మారుతుంది. జాతి మారితే అది కోరే నీరు కూడా మారుతుంది.

డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టి అనే దోమకు చెరువు అక్కరలేదు. కాళ్ళ మీద తెల్లని పట్టీలున్న ఈ నల్ల దోమ మనిషి నిలువజేసిన నీటిని వెదుక్కుంటుంది. మూత సరిగా లేని డ్రమ్ము, సిమెంటు తొట్టి, కూలరు అడుగున మిగిలిన నీరు, పాత టైరు, తాగి పారేసిన కొబ్బరి బోండాం, మిక్సీ వచ్చిన తరువాత పెరట్లోకి పోయిన రుబ్బురోలు, ఇవన్నీ దానికి పురిటిళ్ళే. ఇది పగటి పూట కుడుతుంది. ఇంటిలోనే చీకటి మూలల్లో, వేలాడే బట్టల చాటున విశ్రమిస్తుంది. నగరాల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై నీళ్ళట్యాంకులలో, బావులలో, కట్టడాల దగ్గర నీరు పట్టి ఉంచిన గుంటలలో పెరుగుతుంది. పల్లెలలో మలేరియాకు ముఖ్య కారణమైన అనాఫిలిస్ కులిసిఫేసిస్ వాగు మడుగులను, కాలువలను, మళ్ళను ఆశ్రయిస్తుంది. ఇక బోదకాలును మోసే క్యూలెక్స్ జాతి దోమకు మురికి నీరే ప్రీతి. మురుగు కలిసి గుర్రపుడెక్క అల్లుకొన్న చెరువు అంచు దానికి తగిన చోటు. కనుక చెరువు నిర్దోషి అని కాదు. రాత్రివేళ చెవి దగ్గర పాడే దోమల లెక్కలో దాని వాటా ఉండవచ్చును. డెంగీ లెక్క మాత్రం ఇంటి దగ్గరే తేలాలి.

ఆ చెరువు దోమ ఇంతదూరం ఎగిరి రాదా అని విద్యార్థులు అడుగవచ్చును. ఈ ప్రశ్నను రాస్ కూడా వేసుకొన్నాడు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీలో చేసిన ప్రసంగంలో దోమ వ్యాప్తిని ఆయన గణిత సమస్యగా మలిచాడు. మరుసటి ఏడు కార్ల్ పియర్సన్ అనే గణితవేత్త దిక్కు తెలియక నడిచేవాని సమస్యను పండితుల ముందుంచాడు. దోమ గీత గీసినట్లు పోదు. ఒకమారు తూర్పుకు, ఒకమారు పడమటికి, మరల వెనుకకు పోతుంది. అటువంటి నడకలో చేరే దూరం అడుగుల సంఖ్యతో కాక, దాని వర్గమూలంతో పెరుగుతుంది. పది మీటర్ల చొప్పున నూరు మార్లు ఎగిరితే రెక్కలు ఆడింది వెయ్యి మీటర్లు. కాని పుట్టిన చోటునుండి అది సుమారు నూరు మీటర్ల దూరంలోనే ఉంటుంది. ఈడిస్ దోమ జీవితమంతా సాధారణంగా కొన్ని వందల మీటర్ల లోపలే గడచిపోతుందని పరిశీలనలు చెప్పుతున్నవి. క్యూలెక్స్, అనాఫిలిస్ అంతకన్న దూరం పోగలవు.

వాన లెక్క పైకి కనబడినంత సులువు కాదు. ఈడిస్ గుడ్లు తొట్టి గోడకు అంటుకొని నెలల తరబడి ఎండినా చావవు. నీరు తగలగానే పగులుతవి. పైగా కుళాయి నీరు నాలుగు రోజులకొకమారు వచ్చే ఎండకాలంలో ప్రతి ఇంట డ్రమ్ములు నిండుగా ఉంటవి. ఆకాశం నుండి చుక్క పడకున్నా దోమకు లోటు లేదు. కుంభవృష్టి కురిస్తే చిన్న పాత్రలలోని డింభకాలు, అంటే నీటిలో మెలికలు తిరిగే పిల్లపురుగులు, కొట్టుకొనిపోతవి. 2020 అక్టోబరు వానలకు ఫాక్స్ సాగర్ అని పిలిచే జీడిమెట్ల చెరువు పొంగి కొంపల్లి వైపు ఇండ్లలోనికి నీరు వచ్చింది. అటువంటప్పుడు చూడవలసినది వరద రోజునే కాదు, నీరు తీసిన తరువాతి వారాలను కూడా.

వేడిమి మాట వేరు. దోమ బ్రతికి ఉంటే చాలదు; మింగిన డెంగీ వైరస్ దాని శరీరంలో పెరిగి లాలాజలంలో చేరేవరకు బ్రతకాలి. దానికి సుమారు వారం పది రోజులు పడుతుంది; చలిలో ఇంకా ఎక్కువ. 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర వ్యాప్తి మిక్కిలి చురుకుగా ఉంటుందనీ, 18కి దిగువన, 34కు ఎగువన బాగా తగ్గిపోతుందనీ అంచనా.

వీటన్నిటినీ కలిపి కంప్యూటరు చేత పటం గీయించే పద్ధతి వచ్చింది. దేశాన్ని గళ్ళుగా విభజిస్తారు. దోమ దొరికిన గళ్ళలో వేడి, వాన, పచ్చదనం, జనసంఖ్య ఎట్లా ఉన్నవో యంత్రం చూసి, అటువంటి లక్షణాలే ఉన్న ఇతర గళ్ళను గుర్తించి, ఒక్కొక్క దానికి సున్నకు ఒకటికి నడుమ ఒక అంకె ఇస్తుంది. 2015లో ప్రకటించిన ప్రపంచ పటానికి ఈడిస్ జాతులు రెండింటికీ కలిపి 42 వేల ఆచూకీలు ఆధారమైనవి. స్టీఫెన్సై దోమ ఆఫ్రికాలో అడుగు పెట్టిన తరువాత 2020లో గీసిన పటం, అది వ్యాపిస్తే అక్కడి నగరాలలో 12 కోట్ల 60 లక్షల మందికి ముప్పు కలుగగలదని తెలిపింది. మన తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు కర్నూలు జిల్లాలో జపనీస్ మెదడువాపు జ్వరాన్ని మోసే దోమల గురించి సంభావ్యతా గణితంతో ఇట్టి అంచనాలే కట్టారు.

ఇట్టి పటాలలో ఒక చిక్కు ఉన్నది. దోమలను పట్టేవారు దారి ఉన్న చోటికే పోతారు. ఎవరూ వెదకని గడి పటంలో దోమ లేని గడివలె కనిపిస్తుంది. దీనిని సరిచేసే ఉపాయాలు లేకపోలేదు. కాని ఎంత సరిచేసినా కిలోమీటరు గడిలో చెరువు, కాలనీ, సగం కట్టిన మేడ అన్నీ ఒకటే అంకె కింద అణగిపోతవి. పేట్ బషీరాబాద్‌లో ఈడిస్ ఉండగలదని పటం చెప్పగలదు; ఏ వీధిలో ఉన్నదో చెప్పలేదు.

అక్కడినుండి పని టార్చిలైటు, గరిటె పట్టిన మనిషిది. ఒక కాలనీలో 100 ఇండ్లు తిరిగి, నీరున్న 250 పాత్రలు చూశారనుకొందాం. 12 ఇండ్లలో కలిపి 20 పాత్రలలో డింభకాలు దొరికినవి. అప్పుడు గృహ సూచిక 12. పాత్ర సూచిక 8. నూరిండ్లకు దోమ పాత్రలెన్నో తెలిపే బ్రెటో సూచిక 20. మూడింటిలో కడపటిది మేలైనదని చెప్పాలి, ఇంటికీ పాత్రకూ రెండింటికీ లెక్క చూపుతుంది గనుక. అయినా దానికీ రుబ్బురోలు, పెద్ద డ్రమ్ము సమానమే. అందువల్ల డింభకాలను కాక, దోమ కావడానికి ఒకటి రెండు రోజులే మిగిలిన ప్యూపాలను లెక్కించే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది. అట్లా లెక్కించిన అనేక చోట్ల పుట్టే దోమలలో ఎక్కువ భాగం రెండు మూడు రకాల పాత్రలనుండే వస్తున్నట్లు తేలింది. ఆ రకాలు ఊరికొక తీరుగా ఉంటవి: ఒకచోట సిమెంటు తొట్లు, మరొకచోట టైర్లు, వేరొకచోట మేడ మీద మూతపోయిన ట్యాంకులు.