ఫిలింనగరులో ఫ్రెంచి పాఠము

రాత్రి పది గంటలు దాటినది. ఫిలింనగరులో రామానాయుడు స్టూడియో ఉన్న ఎత్తునకు పోవు దారినుండి కొంచెము లోనికి తిరిగిన సందులో, ఒక మేడమీది చిన్నగదిలో మాత్రము దీపము వెలుగుచున్నది. గదిలో ఒక నల్లబల్ల, రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు. దాని తెరపై నడివయస్సు మనిషి ఒకడు, తల తడిపి దువ్వుకొని, బడిపిల్లవానివలె నిటారుగా కూర్చుండియున్నాడు. అతడు పారిసు సమీపమున ఒక భోజనశాలలో వంటవాడు. వేసవి గనుక అక్కడ ఇంకను సాయంకాలము ఆరున్నరయే. ఆనాడతనికి సెలవు.

పాఠము చెప్పు పంతులమ్మగారు నాకు చిరపరిచితులు. చిరకాలము బడిలో తెలుగు చెప్పి విరమించిన నాకు, ఇంకొకరు పాఠము చెప్పుచుండగా వెనుక కూర్చుండి వినుట ఒక వ్యసనము. అందుచేతనే ఆ రాత్రి అక్కడ నుంటిని.

జూబిలీ హిల్సు అనగానే పాఠకులకు తారల మేడలు, ఫిలిం చాంబరు స్ఫురించును. ఆ మేడల నీడలోనే ఇట్టి ట్యూషను గదులును వెలసినవి. పగటివేళ ఈ గదికి వచ్చువారిలో పెక్కురు కెనడాకు పోగోరు యువకులు. ఆ దేశపు వలస పద్ధతిలో వయస్సునకు, విద్యకు, భాషకు మార్కులు గలవు. ఇంగ్లీషుతోపాటు ఫ్రెంచిలో తగిన స్థాయి చూపినవారికి 50 మార్కులవరకు అదనముగా లభించును. 2023 నుండి ఫ్రెంచి వచ్చినవారిని ప్రత్యేకముగా ఎంపిక చేయుటయు మొదలైనది. టెఫ్, టి.సి.ఎఫ్. అను పరీక్షల ఫలితములు రెండేండ్లు మాత్రమే చెల్లును గనుక ఆ యువకులకు తొందర యెక్కువ. "వాళ్ళు భాషతో బేరమాడతారండీ" అని పంతులమ్మగారు నవ్వినారు. తప్పనలేము. మనము ఇంగ్లీషు నేర్చినది షేక్స్పియరుకొరకేనా!

వంటవాని కథ వేరు. కోనసీమనుండి పోయి పదునొకండేండ్లుగా అక్కడనే పనిచేయుచున్నాడు. పిల్లలు అక్కడి బడిలో చదువుచున్నారు. ఫ్రెంచి పౌరసత్వమునకు అర్జీ పెట్టదలచి, నాడు చాలియుండిన బి-1 అను స్థాయి పరీక్షలో కష్టపడి నెగ్గినాడు. ఇంతలో 2024 జనవరి 26న (మనకది పండుగనాడు) అక్కడ వెలువడిన చట్టము ఆ మెట్టును బి-2కు పెంచినది. 2026 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. దానికి తోడు పౌరవిషయములపై 40 ప్రశ్నల పరీక్ష. అందు 32కు సరియైన జవాబు రావలెను. ఆపైన అధికారి యెదుట ముఖాముఖి. అర్జీ కాగితములు సిద్ధమగులోపల గడప ఒక జానెడు పైకి లేచినది.

బి-1 అనగా నిత్యవ్యవహారమును నెట్టుకొని వచ్చుట. బి-2 అనగా తన అభిప్రాయమును సకారణముగా నిలబెట్టుకొనుట. డెల్ఫ్ అను పరీక్షలో ఈ స్థాయివారికి ఒక చిన్న వ్యాసఖండమిచ్చి 30 నిమిషములు ఆలోచించుకొననిత్తురు. పిమ్మట పరీక్షకుల యెదుట ఒక పక్షము పూని వాదింపవలెను. నూటికి 50 వచ్చిన గట్టెక్కుదురు. కాని నాలుగు భాగములలో దేనియందును 25కు 5కన్న తగ్గరాదు. ఆవువ్యాసము కంఠస్థము చేసి, అడిగిన ప్రశ్న యేదైనను ఆవును అక్కడికి తోలుకొనివచ్చు విద్యలో ఆరితేరిన మనవారికి ఇది కొరుకుడుపడదు. ఈ దోషము పిల్లలది కాదు. బల్లకు ఈవలనున్న మనది.

ఉచ్చారణ విషయమున మాత్రము తెలుగువాడు దిగులుపడనక్కరలేదని పంతులమ్మగారి పాఠము విన్నపిమ్మట నాకు తోచినది. ఫ్రెంచివారి ముక్కుపలుకు మన అరసున్నకు చుట్టమే. పూర్వులు ఆ గురుతును ఊరక పెట్టలేదుగదా! 'ర'ను వారు గొంతులో ఒరపించి పలుకుదురు. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడువారు 'గరీబు' అనునప్పటి మొదటి యక్షరమును శ్రద్ధగా విన్నవారికి అది కొత్త కాదు. 'ఊ' అనుటకు పెదవులు చుట్టి, లోపల 'ఈ' అనవలసిన అచ్చు ఒకటి కలదు. దానిని అందరికంటె త్వరగా పట్టుకొన్నది, ఇతరుల పెదవులకు తన గొంతునిచ్చు ఒక డబ్బింగు కళాకారిణియట. ఎం.ఏ.లు వెనుకబడినారు.

పదముల చివర వ్రాసియు పలుకని హల్లులు ఆ భాషలో మెండు. కాని పరమున అచ్చు వచ్చినచో నిద్రించుచున్న హల్లు లేచి కూర్చుండును. 'లే' అను బహువచనపు మాటకు స్నేహితులను 'అమి' చేరగా 'లేజమి' యగును. ద్రుతప్రకృతికములను చదివిన మన విద్యార్థికి ఇది వింతయా? అచ్చు పరమగునప్పుడు మన నకారమును ఇట్లే లేచి నిలుచును. లింగభేదము మాత్రము బాధించును. వారికి బల్ల స్త్రీలింగము, పుస్తకము పుంలింగము. మనకు రెండును అమహత్తులు, తగవు లేదు.

వంటవాని ఊరు ఎదుర్లంక వైపు. గోదావరికి ఆవలియొడ్డున యానాము. ఫ్రెంచివారి పాలననుండి 1954 నవంబరు 1న యానాము భారతదేశము చేతికి వచ్చినను, 1956 మే 28న సంతకమైన ఒప్పందము 1962 ఆగస్టు 16న గాని అమలులోనికి రాలేదు. నాటినుండి ఆరు నెలలలోపల, అక్కడ పుట్టి అక్కడ నివసించువారు ఫ్రెంచి పౌరసత్వము నిలుపుకొనదలచినచో వ్రాతమూలముగా తెలుపుకొనవలెను, తెలుపనివారు భారతపౌరులగుదురు. ఆ ఒప్పందములో భాషాపరీక్ష ఊసే లేదు. తాత ఆవలియొడ్డున పుట్టి, ఒక కాగితము వ్రాసియుండినచో, మనుమనికి ఈ రాత్రి పాఠము లేకయే పోవునేమో. నడుమ నున్నది ఒక ఏటి వెడల్పు.

పంతులమ్మగారు అధికారి వేషము ధరించి ఫ్రెంచిలో అడిగినారు: మీరు ఫ్రెంచి పౌరులు కాగోరుట యెందుకు? అతడు తడుముకొనకుండ ప్రారంభించెను. స్వేచ్ఛ, సమత, సౌభ్రాత్రము. మతమును రాజ్యమును వేరుచేసిన 1905నాటి చట్టము. స్త్రీలకు 1944లో లభించిన ఓటుహక్కు. ఒక్క తప్పులేదు. ఆమె చేయెత్తి ఆపినారు.

"ఇది పుస్తకం చెప్పింది. మీరు చెప్పండి."

అతడు మాటాడలేదు. ఆమె తెలుగులో మరల అడిగినారు: "ఎందుకు బాబూ?"

తెలుగులోను జవాబు రాలేదు. నేను కుర్చీలో కదలుటకు జంకితిని.

"పదకొండేళ్ళుగా పన్ను కడుతున్నానండి. ఓటు లేదు. ఊరి పెద్దని ఎన్నుకుంటారు, నేను కూరలు తరుగుతూ వింటాను. పిల్లలు పెద్దయ్యాక ఆ దేశపోళ్ళవుతారు, నేను ఒక్కణ్ణీ..." కొంత తడవు ఆగి, "కాని ఇండియా పాస్‌పోర్టు తిరిగి ఇచ్చెయ్యాలి కదండీ. అమ్మకి ఇంకా చెప్పలేదు" అన్నాడు.

మన చట్టము రెండు పౌరసత్వముల నొప్పదు. అన్యదేశపు పౌరుడైనవాడు ఆ దినమే ఇక్కడ పరుడు. ప్రవాసులకొక కార్డు ఇత్తురు. దానితో రావచ్చును, ఉండవచ్చును, ఓటు మాత్రము లేదు.

పంతులమ్మగారు ఓదార్చలేదు. "ఇప్పుడన్నది ఫ్రెంచిలో చెప్పండి, పాస్‌పోర్టు మాట నుంచి" అన్నారు. అతడు చెప్పెను: "ఇల్ ఫో క జ రాఁ..." ఇయ్యవలెను అను చోట క్రియారూపము మారును, నిద్రించు దకారమును లేపి 'రాఁద్' అనవలెనని ఆమె దిద్దినారు. అతడు మరల అనెను, ద పలుకలేదు. మూడవమారు పలికినది.

"అమ్మ సంగతి కూడా చెప్పండి" అన్నారామె. అతడు తల వంచుకొని మాటలు వెదకసాగెను.