నీడలో రంగులు కావాలంటే

"నీడలో మొక్కలు బతకవు" అని చాలామంది అంటారు. బతకడానికి బోలెడు బతుకుతాయి. రంగు నిలబడడమే కష్టం.

ఈ గొడవ నాకెందుకంటే, రామచంద్రపురంలో మా ఇంటికీ ప్రహరీకీ మధ్య ఆరడుగుల సందు ఉంది. పైన పక్కింటివాళ్ళ మామిడిచెట్టు గొడుగు పట్టేస్తుంది. మోకాళ్ళ నొప్పులతో బయటికి రాలేని మా మామ్మ రోజంతా కూర్చునే కిటికీ ఆ సందులోకే. "పొద్దస్తమానం ఆ గోడే చూడాలా?" అంటుంది. కాబట్టి అక్కడ రంగు కనబడి తీరాలి.

బంతి, మందార అక్కడ కుదరవు. పువ్వులు పుయ్యాలంటే మొక్కకి బాగా ఎండ కావాలి. అందుకని ఆకుల్నే నమ్ముకోవాలి. అయితే అందులోనూ మెలిక ఉంది. క్రోటన్ నర్సరీలో ఎరుపు, పసుపు, నారింజ కలిసి మెరిసిపోతుంది. అదే నీడలో పెడితే కొత్త ఆకులు ఆకుపచ్చగానే వస్తాయి. ఉన్న కాస్త వెలుతురుని పట్టుకోడానికి పత్రహరితమే ముఖ్యం, ఎర్ర రంగు దానికి దండగ ఖర్చు. ఫోన్ బ్యాటరీ సేవర్‌లోకి వెళ్ళినట్టన్నమాట.

ముందు వెలుతురు కొలవండి. మన కన్ను చీకటికి సర్దుకుపోతుంది కాబట్టి "బాగానే ఉందిగా" అనిపిస్తుంది. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేస్తే నిజం తెలుస్తుంది. నడినెత్తిన ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. మా సందులో మధ్యాహ్నం 2,500 చూపించింది!

మాకు కడియం, కడియపులంక నర్సరీలు దగ్గరే. అక్కడ మొక్క రంగు కాదు, అది ఎక్కడ నిలబడి ఉందో చూడాలి. ఆరుబయట ఎండలో ఉన్నది వదిలెయ్యండి. గ్రీన్ నెట్ కింద ఉండి కూడా రంగు తేలిందంటే అది మన నీడకి పనికొచ్చే అవకాశం ఎక్కువ. కొత్తగా వేళ్ళు పోసుకుంటున్న మొక్కల్నీ నెట్ కిందే ఉంచుతారు, అందుకని ఒకసారి అడగడం మంచిది.

ఎర్ర అంచుల అగ్లోనిమా మరీ చీకటి కాకపోతే రంగు బాగానే నిలుపుకుంటుంది, పెద్దగా సేవ అడగదు. ఉదయం కాసేపు ఎండ పడే సందు మొదట్లో కోలియస్, కనకాంబరం పెట్టొచ్చు. కనకాంబరం సగం నీడలోనూ పూస్తుంది, మామ్మ జడలోకి అదే కావాలట.

నా ఓటు మాత్రం కలాడియంకే. గులాబీ, తెలుపు, ఎరుపు చల్లినట్టుండే పెద్ద ఆకులు, చూస్తే రంగులేసిన చేమ మొక్కలా ఉంటుంది. నిజానికి రెండూ ఒకే కుటుంబం. నోట్లో పెట్టుకుంటే మంటా, దురదా పుట్టిస్తుంది, చిన్నపిల్లలకీ దూడలకీ అందనివ్వకండి. మన డెల్టా నల్లమట్టిలో నీళ్ళు నిలిచి దుంప కుళ్ళిపోతుంది. ఇసకా, కొబ్బరిపొట్టూ కలిపి కుండీలో వెయ్యడం నయం. చలికాలంలో ఆకులన్నీ వాలిపోతాయి. చచ్చిపోయిందని పారెయ్యకండి, దుంప నిద్రపోతోందంతే. నీళ్ళు ఆపేసి కుండీ ఓ మూల పెడితే వేడి పుంజుకున్నాక మళ్ళీ మొలుస్తుంది. అప్పటిదాకా కిటికీ ఎదురుగా అగ్లోనిమా కుండీ జరిపితే సరి.