కర్బన తంతువులకు సెరామిక్ కవచం: రాకెట్ నాజిళ్లకు ఆవిరి పూత

శ్రీహరికోట నుంచి ప్రయోగించే పి.ఎస్.ఎల్.వి. రాకెట్ నాలుగో దశలో కొలంబియం లోహమిశ్రమ నాజిళ్లకు బదులు కార్బన్-కార్బన్ నాజిళ్లను అమర్చితే వాటి బరువు సుమారు 67 శాతం తగ్గుతుందని, రాకెట్ అదనంగా 15 కిలోల వరకు మోయగలుగుతుందని ఇస్రో 2024 ఏప్రిల్ 16న వెల్లడించింది. కర్బన తంతువులతో రూపొందే ఈ నాజిల్‌కు రక్షణ సిలికాన్ కార్బైడ్ అనే సెరామిక్ పూత.

కర్బన తంతువు తల వెంట్రుకలో సుమారు పదో వంతు మందం మాత్రమే ఉంటుంది. ప్రాణవాయువు సోకని చోట 2,000 డిగ్రీల సెల్సియస్‌లోనూ అది బలాన్ని నిలుపుకుంటుంది. గాలిలో మాత్రం 500 డిగ్రీల ప్రాంతంలోనే ఆక్సీకరణం చెంది హరించుకుపోతుంది. దహన వాయువులలోని నీటి ఆవిరి కూడా అధిక ఉష్ణోగ్రతల వద్ద కర్బనాన్ని తినివేస్తుంది.

ఈ పూతను వేసే ముఖ్య విధానాలలో రసాయన బాష్ప నిక్షేపణం ఒకటి. తంతువులను, లేదా వాటితో తయారైన భాగాన్ని మూసిన కొలిమిలో ఉంచి 1,000 డిగ్రీలు, ఆపైన వేడి చేస్తారు. మిథైల్ ట్రైక్లోరోసిలేన్ ఆవిరిని హైడ్రోజన్‌తో కలిపి లోనికి పంపుతారు. వేడి ఉపరితలంపై ఆ ఆవిరి విచ్ఛిన్నమై, సిలికాన్ కార్బైడ్ గట్టి పొరగా పేరుకుంటుంది. వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఆమ్ల వాయువును క్షార ద్రావణంతో తటస్థీకరిస్తారు. ఆవిరి సన్నని సందులలోకి సైతం చేరగలగడం ఈ విధానంలోని సౌలభ్యం. అయితే చర్య వేగం పెరిగితే పైరంధ్రాలు ముందే మూసుకుపోయి లోపలి భాగానికి పూత అందదు. అందువలన ఈ ప్రక్రియను నిదానంగా నడపవలసి ఉంటుంది.

చల్లారేటప్పుడు సిలికాన్ కార్బైడ్ కర్బనం కంటే ఎక్కువగా సంకోచిస్తుంది. ఫలితంగా పూతలో సన్నని పగుళ్లు ఏర్పడి ప్రాణవాయువుకు దారి ఇస్తాయి. దీని నివారణకు రెండింటి మధ్య కూర్పు క్రమంగా మారే పొరను, వేడికి మెత్తబడి పగుళ్లను పూడ్చే బోరాన్ గాజు పొరను వాడతారు.

తమిళనాడులోని మహేంద్రగిరిలో 2024 మార్చి 19న ఈ నాజిల్‌ను 60 సెకన్లు, ఏప్రిల్ 2న 200 సెకన్లు మండించి పరీక్షించారు. ఉష్ణోగ్రత 1,216 కెల్విన్‌లకు, అనగా సుమారు 943 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. పూత లేని కర్బనం గాలిలో నిలువలేని స్థాయి ఇది.

ఇట్టి కవచానికి రంధ్రం పడితే కలిగే నష్టానికి 2003 ఫిబ్రవరి 1 నాటి కొలంబియా దుర్ఘటన ఉదాహరణ. ప్రయోగ సమయంలో ఊడిపడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్క అంచులోని కార్బన్-కార్బన్ పలకను ఛేదించింది. తిరుగు ప్రయాణంలో వేడి వాయువులు అందుండి లోనికి చొరబడగా కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు.

కావున ఇటువంటి పదార్థం "ఇన్ని డిగ్రీలు తట్టుకుంటుంది" అని పేర్కొనేటప్పుడు, అది గాలిలోనా, శూన్యంలోనా, పూతతోనా, పూత లేకుండానా, ఎంతసేపు అన్న వివరాలను కూడా జతపరచడం అవసరమని గమనించగలరు.